అగ్నిగుండాల సీసం

పల్నాడు జిల్లాలో వినుకొండ దాటి నల్లమల వైపు వెళ్తుంటే మైదానం తరిగిపోయి, చిట్టడవి కప్పుకున్న కొండలు మొదలవుతాయి. ఆ కొండల్లో మూడింటికి భూవిజ్ఞాన గ్రంథాల్లో చోటు దొరికింది. అవి బండ్లమోటు, నల్లకొండ, ధూకొండ. మూడింటినీ కలిపి అగ్నిగుండాల ఖనిజ ప్రాంతం అంటారు. అగ్నిగుండాల ఈపూరు మండలంలోని ఊరు. బండ్లమోటు కొండలో ఉన్నది ముఖ్యంగా సీసం, మిగతా రెండింట్లో ముఖ్యంగా రాగి. ఏదీ శుద్ధ లోహంగా లేదు. గంధకంతో కలిసి, సల్ఫైడ్ రూపంలో, రాతి పొరల మధ్య ఇరుక్కుని ఉంది.

దేశంలోని సీసం, జింకు నిల్వల్లో సింహభాగం రాజస్థాన్‌ది. ఆ లెక్కలో అగ్నిగుండాల వాటా చిటికెడు. అయినా ఖనిజాన్వేషణ అనే విద్య ఏమిటో తెలుసుకోవాలంటే ఇలాంటి చిన్న చోటే మేలు. పెద్ద గనిలో ఖనిజం తనంతట తానే ఎదురొస్తుంది. చిన్నదానిలో ప్రతి అడుగూ అనుమానంతో వేయాలి. పైగా భూమి మీద నమోదైన సల్ఫైడ్ ఆనవాళ్లలో అత్యధికం ఇలాంటి చిన్నవే. పటం మీద గుర్తుగా మిగిలిపోయేవే ఎక్కువ, గని దాకా వచ్చేవి అతి తక్కువ. అగ్నిగుండాల ఆ అతి తక్కువలో ఒకటి.

సల్ఫైడ్ అంటే లోహం గంధకంతో కలిసి ఏర్పడిన ఖనిజం. వీటిలో ముందుగా చెప్పాల్సింది గెలీనా. ఇది సీసం సల్ఫైడ్. చిన్న ముక్కను అరచేతిలో పెట్టుకుంటే బరువుకు చెయ్యి కిందికి దిగుతుంది. పలుగురాయి సాంద్రత 2.65 అయితే గెలీనాది 7.5, అంటే అంతే పరిమాణంలో దాదాపు మూడు రెట్ల బరువు. సుత్తితో ఎటునుంచి కొట్టినా చదునైన ముఖాలతో, లంబకోణాలతో, చిన్న చిన్న ఘనాలుగా విరుగుతుంది. కొత్తగా విరిగిన ముఖం అద్దంలా మెరుస్తుంది. గాలికి వదిలేస్తే కొన్నాళ్లకు మసకబారి మామూలు బూడిదరంగు రాయిలా అయిపోతుంది. స్వచ్ఛమైన గెలీనా 100 గ్రాములుంటే అందులో 86.6 గ్రాములు సీసమే.

పేరు కొత్తగా తోచినా గెలీనా మన ఇళ్లకు కొత్తది కాదు. సురమా పేరుతో బజారులో అమ్మే నల్లపొడి చాలాసార్లు ఈ గెలీనా పొడే. పసిపిల్లల కళ్లకు అది పెట్టడమంటే సీసం పూయడమేనని వైద్యులు వద్దంటున్నారు. జగదీశ్ చంద్ర బోస్ 1904లో అమెరికాలో పేటెంటు పొందిన రేడియో తరంగాల గ్రాహకంలో పనిచేసిందీ గెలీనా స్ఫటికమే.

రాగికి ముఖ్యమైన సల్ఫైడ్ చాల్కోపైరైట్. ఇత్తడి పసుపు రంగులో ఉంటుంది, పాతబడితే నెమలి కంఠంలా నీలం, ఊదా ఛాయలు తిరుగుతుంది. ఆయుర్వేదంలో స్వర్ణమాక్షికం అనేది దీన్నే. ఇందులో రాగి 34.6 శాతం, మిగతాది ఇనుము, గంధకం. దీనికి దగ్గరి పోలిక పైరైట్, అంటే ఇనుము సల్ఫైడ్. కొత్తవాళ్లు రెండింటినీ తరచూ పొరబడతారు. తేడా తేల్చడానికి జేబులో చాకు చాలు. చాల్కోపైరైట్ మీద గీత పడుతుంది, పైరైట్ మీద పడదు. జింకు సల్ఫైడ్ అయిన స్ఫాలరైట్ లోహంలా మెరవదు. గోధుమరంగులో, ఎండిన బంకముక్కలా ఉంటుంది. దాని పొడి మీద యాసిడ్ చుక్క వేస్తే కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. జియాలజిస్టు ముక్కుకూ పని పెట్టే ఖనిజం ఇది.

పలకరాళ్ల పళ్లెం

అగ్నిగుండాల కొండలు కడప బేసిన్‌లో భాగం. నెలవంక ఆకారంలో సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న ఈ పళ్లెం దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట నిండడం మొదలైంది. ఇసుక, బురద, సున్నపు మడ్డి పొర మీద పొరగా పేరుకున్నాయి. మధ్యమధ్య లావా కూడా పొంగింది. ఈ రాళ్ల వరసను మొదటిసారి క్రమపద్ధతిలో వివరించింది భారత భూవిజ్ఞాన సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్. 1872లో వెలువడిన ఆయన నివేదికలోని పేర్లు కొన్ని ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

బేసిన్ పడమటి భాగంలో పొరలు దాదాపు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. తూర్పున కథ వేరు. అక్కడ పొరలన్నీ పక్కనుంచి వచ్చిన ఒత్తిడికి నలిగి, తోసిన జంపఖానాలా ముడతలు పడ్డాయి. ఆ ముడతలే నల్లమల కొండలు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ 1970లలో కావలి నుంచి ఉడిపి దాకా భూకంప తరంగాలతో లోతులు కొలిచినప్పుడు, బేసిన్ తూర్పు వైపున ఈ పొరల మందం 10 కిలోమీటర్ల దాకా ఉంటుందని తేలింది.

నల్లమల రాళ్లలో కింద బైరేనికొండ క్వార్ట్‌జైటు, అంటే గట్టిపడిన ఇసుకరాయి. దాని మీద కంభం శిలావర్గం. ఇందులో ఎక్కువ భాగం బురద గట్టిపడి, ఒత్తిడికి రేకులు తేరిన రాళ్లు. మధ్యలో డోలమైటు, క్వార్ట్‌జైటు పట్టీలున్నాయి. కొన్ని తరాల పిల్లలు ఓనమాలు దిద్దుకున్న మార్కాపురం పలకలు ఈ కంభం వర్గం రాళ్లే. ఆ పలకను ఇచ్చిన వర్గంలోనే, ఈశాన్యపు కొసన, అగ్నిగుండాల ఖనిజం ఉంది. తూర్పున కాస్త దూరంలో వినుకొండ గ్రానైటు. దాని వయసు సుమారు 159 కోట్ల ఏళ్లు. ఖనిజం పుట్టుక గురించిన వాదనల్లో ఈ గ్రానైటు పేరు కూడా వస్తుంటుంది.

బండ్లమోటులో గెలీనా ఆశ్రయం డోలమైటు. సున్నపురాయికి మెగ్నీషియం తోడైతే డోలమైటు. రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి. పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే సున్నపురాయి వెంటనే సోడాలా బుసబుసమంటుంది. డోలమైటు మాత్రం ఉలకదు, పలకదు. అదే రాయిని చాకుతో గీకి, ఆ పొడి మీద వేస్తే సన్నగా బుడగలు వస్తాయి. కొండెక్కిన జియాలజిస్టు సంచిలో సుత్తి, లెన్సుతో పాటు యాసిడ్ సీసా ఎందుకుంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఖనిజం ఫలానా రాతిని పట్టుకుని ఉందని తేలాక, వెతుకులాట ఆ రాయి ఎటు పోతే అటు పోవడమే.

లోహం ఆ రాతిలోకి ఎలా చేరింది? దీనికి ఏకాభిప్రాయంతో కూడిన జవాబు లేదు. ఒక వాదన ప్రకారం లోహాలు రాళ్లతో పాటే పుట్టాయి. సముద్రపు అడుగున పేరుకున్న మడ్డి బరువుకు నలిగి, అందులోని ఉప్పునీరు వేడెక్కి, దారిలో రాళ్లనుంచి సీసం, జింకు, రాగి కరిగించుకుని పగుళ్ల వెంట పైకి వచ్చింది. పైన బురదలో ఆక్సిజన్ అందని చోట బతికే బాక్టీరియా సముద్రజలంలోని సల్ఫేటును సల్ఫైడ్‌గా మార్చి పెట్టింది. లోహానికి గంధకం దొరికింది, రెండూ కలిసి అక్కడే స్థిరపడ్డాయి. ఖనిజం పట్టీలు రాతి పొరలకు సమాంతరంగా నడవడం ఈ వాదనకు బలం. రెండో వాదన ప్రకారం రాళ్లు ఏర్పడి, ముడతలు పడ్డాక, పగుళ్లలోకి వేడి ద్రవాలు ఎక్కి ఖనిజాన్ని నింపాయి. పొరలను అడ్డంగా కోసుకుంటూ పోయే గెలీనా ఈనెలు దీనికి సాక్ష్యం.

రెండు సాక్ష్యాలూ ఒకే కొండలో దొరకడం వింతేమీ కాదు. గెలీనా మెత్తనిది, గోటి కంటే కొంచెమే గట్టిది. కొండలు ముడతలు పడేంత ఒత్తిడిలో అది పిండిన వెన్నలా కదులుతుంది. పొరలోంచి జారి పక్కనున్న పగులులో చేరుతుంది. అంటే పుట్టుక మొదటి వాదన చెప్పినట్టే జరిగి, ఇప్పుడున్న చోటు రెండో వాదన చెప్పినట్టు ఉండవచ్చు. ఇదే నల్లమల వర్గంలో, కడప వైపున మంగంపేట ముగ్గురాయి ఉంది. అది బేరియం సల్ఫేటు. ప్రపంచంలోకెల్లా పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి. జంగంరాజుపల్లె దగ్గర సీసం, జింకు ఉన్నాయి. ఒకే బేసిన్‌లో ఇన్ని చోట్ల ఇవి బయటపడటం చూస్తే, ఆ పాత సముద్రపు అడుగున లోహాలు మోసుకొచ్చిన ఉప్పునీరు చాలా మేర తిరిగిందన్న మాట తేలిగ్గా కొట్టిపారేయలేనిది.

తుప్పు టోపీ

సల్ఫైడ్ ఖనిజం నేల మీద మెరుస్తూ కనిపించడం అరుదు. గాలి, వాన తగిలితే అది నిలవదు. పైరైట్‌కు నీరు, ఆక్సిజన్ అందితే గంధకం సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారుతుంది, ఇనుము తుప్పుగా మిగులుతుంది. ఆ యాసిడ్ పక్కనున్న మిగతా సల్ఫైడ్లను కూడా కరిగిస్తుంది. వేల ఏళ్లకు కొండ పైభాగాన మిగిలేది ఎరుపు, గోధుమ, పసుపు కలగలిసిన, తేనెపట్టులా బొరియలు పడ్డ తుప్పురాయి. దీన్ని గోసాన్ అంటారు. ఖనిజం నెత్తిన పెట్టుకున్న టోపీ అనుకోవచ్చు.

అయితే ఎర్రరాయి కనిపించిన చోటల్లా కింద ఖనిజం ఉండదు. మన ప్రాంతంలో ఎర్రమట్టికి కొదవా! అందుకే గోసాన్‌ను విరగ్గొట్టి లోపలి బొరియల ఆకారం చూస్తారు. గెలీనా కరిగిపోయిన చోట ఘనాకారపు గూళ్లు మిగులుతాయి. పైరైట్ వదిలిన గూళ్లు చాలాసార్లు వేరేగా ఉంటాయి. అద్దె ఇంట్లో సామాను తీసేశాక గోడల మీద మిగిలిన మరకల్ని బట్టి ఎక్కడ బీరువా ఉండేదో చెప్పినట్టే ఇది.

ఒక్కో లోహం ఒక్కోలా ప్రవర్తిస్తుంది. రాగి తేలిగ్గా కరిగి, మళ్లీ గాలి తగిలిన చోట పచ్చగా పేరుకుంటుంది. మాలకైట్ అనే ఆ పచ్చమరక రాతి మీద చిన్నపాటిదే అయినా దూరాన్నుంచి కంటికి ఆనుతుంది. రాగి సల్ఫేటు అంటే రైతులకు బాగా తెలిసిన మైలుతుత్తం. అది ఎంత సులువుగా నీటిలో కలుస్తుందో తెలిసినవారికి, వర్షపు నీరు కొండలోని రాగిని ఎలా కిందికి మోసుకుపోతుందో ఊహించడం కష్టం కాదు. జింకు ఇంకా చలాకీది, నీటితో పోయి మళ్లీ దొరకదు. సీసం మాత్రం కదలదు. గెలీనా చుట్టూ కరగని సల్ఫేటు, కార్బొనేటు పొర కట్టి దాన్ని ఉన్నచోటే బంధిస్తుంది. అందుకే మట్టి పరీక్షలో సీసం బాగా కనిపించి జింకు కనిపించకపోతే, కింద జింకు లేదని అనకూడదు. ఉండి పోయి ఉండవచ్చు.

ప్రకృతి పెట్టిన గుర్తులకు తోడు మనుషులు పెట్టిన గుర్తులు ఉంటాయి. ఆంధ్రదేశంలో రాగి, సీసం కోసం తవ్విన పాత గుంతలు, వాటి దగ్గర లోహం కరిగించాక మిగిలిన చిట్టెం కుప్పలు చాలాచోట్ల ఉన్నాయి. అగ్నిగుండాల కొండల్లోనూ పాత తవ్వకాల ఆనవాళ్లు ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దపు మొదట్లో, 1814లో, లండన్‌లో అచ్చయిన తన పుస్తకంలో బెంజమిన్ హేన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కాళహస్తి, వెంకటగిరి, నెల్లూరు ప్రాంతాల రాగి గనుల గురించి రాశాడు. పాతకాలపు గనిపనివారికి యంత్రాల్లేకపోయినా చూపు ఉంది. వాళ్లు వదిలేసిన చోట ఆధునిక అన్వేషకుడు మొదలుపెట్టడం ఆనవాయితీ. చిట్టెం ముక్కను పరీక్షకు పంపితే, వాళ్లు ఏ లోహం తీశారో, ఎంత లోహం తీయలేక వదిలేశారో కూడా తెలుస్తుంది.

ఊరి పేర్ల సాక్ష్యం కాస్త జాగ్రత్తగా తీసుకోవాలి. పూర్వపు కర్నూలు జిల్లాలో రాగి ఆనవాళ్లున్న ఒక ఊరి పేరే గని. అక్కడ పేరుకూ పనికీ పొత్తు కుదిరింది. అగ్నిగుండాల పేరు వినగానే లోహం కరిగించిన కొలిములు గుర్తుకు రావడం సహజం. కాని నిప్పుల గుండం తొక్కే జాతరలున్న నేలలో అగ్నిగుండం అనే మాటకు కొలిమి ఒక్కటే అర్థం కానక్కరలేదు. పేరు దారి చూపవచ్చు, రుజువు మాత్రం చిట్టెమే.

మట్టి నుంచి కోర్ దాకా

అన్వేషణ ఎప్పుడూ పెద్ద జాగా నుంచి చిన్న జాగాకు దిగుతుంది. ముందు సర్వే పటం, పాత నివేదికలు. తర్వాత వాగులు. వాగు అడుగున ఇసుక, పైనున్న కొండలన్నీ పంపిన నమూనాల మూట. వాగు కలిసే ప్రతిచోటా గుప్పెడు సన్నమట్టి తీసి పరీక్షిస్తే ఏ పాయ వెంట సీసం, రాగి ఎక్కువవుతున్నాయో తెలుస్తుంది. ఆ పాయ పట్టుకుని పైకి పోవాలి. తరువాత కొండవాలు మీద చదరంగపు గళ్లలా గీతలు గీసి, నిర్ణీత దూరంలో గుంతలు తీసి, పైమట్టి వదిలేసి కింది పొర మట్టిని సంచుల్లో కడతారు. లోహం పాళ్లు లక్షకు ఒకటి, రెండు మాత్రమే ఉన్నా ప్రయోగశాల పట్టుకుంటుంది. ఆ అంకెలు పటం మీద రాసి, సమాన విలువలను కలుపుతూ గీతలు గీస్తే, మామూలు కన్నా ఎక్కువున్న చోట్లు మచ్చల్లా తేలతాయి. మచ్చ మధ్యలో కందకం తవ్వి అసలు రాయిని చూస్తారు.

కంటికి కనపడని లోతుకు భూభౌతిక పద్ధతులున్నాయి. అన్నిటికన్నా పాతది స్వయంజనిత విద్యుత్తును కొలవడం. భూమిలో సల్ఫైడ్ గుట్టకు పైకొన గాలి, నీరు తగిలి తుప్పు పడుతుంటే, కింది కొన తడిలో మునిగి ఉంటుంది. రెండు కొసల మధ్యా సన్నగా విద్యుత్తు పారుతుంది, అచ్చం బ్యాటరీలా. ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనుల్లో రాబర్ట్ ఫాక్స్ 1830లోనే దీన్ని గమనించాడు. ఎలక్ట్రోడ్లుగా రెండు కుండీలు, ఒక వోల్టుమీటరు, పొడవాటి తీగ ఉంటే పని మొదలుపెట్టవచ్చు. ఇంకో పద్ధతిలో నేలలోకి విద్యుత్తు పంపి, హఠాత్తుగా ఆపి, ఆ తర్వాత కూడా నేల ఎంతసేపు విద్యుత్తును పట్టి ఉంచుతుందో చూస్తారు. సల్ఫైడ్ రేణువులు చెదురుమదురుగా ఉన్న రాయి చిన్నచిన్న కెపాసిటర్ల మూటలా పనిచేసి, ఆ విద్యుత్తును మెల్లగా వదులుతుంది.

కంభం రాళ్లలో ఈ పద్ధతులకు ఒక గండం ఉంది. నల్లటి, బొగ్గుపాలు ఉన్న రేకురాళ్లు సల్ఫైడ్ లాగే విద్యుత్తుకు స్పందిస్తాయి. యంత్రం అబద్ధం చెప్పదు, కాని అడగని ప్రశ్నకు జవాబు చెబుతుంది. పైగా స్ఫాలరైట్ విద్యుత్తును దాదాపు మోయదు కనుక జింకు నిలవ యంత్రం కంటికి ఆనకుండా తప్పించుకోగలదు. మట్టి పరీక్ష, రాతి పటం, విద్యుత్తు కొలత మూడూ ఒకేచోట వేలు చూపితే తప్ప డ్రిల్లింగ్‌కు డబ్బు పెట్టరు.

వజ్రాలు పొదిగిన బోలు బిట్ రాయిని గుండ్రంగా కోస్తూ దిగుతుంది. మధ్యలో మిగిలిన రాతి కడ్డీయే కోర్. దాన్ని గజం గజం పైకి తీసి, గాడులున్న పొడవాటి పెట్టెల్లో వరసగా పేర్చి, లోతులు రాసిన చెక్కముక్కలు మధ్యమధ్య పెడతారు. అలాంటి పెట్టె ముందు కూర్చుంటే కొండ కడుపు పుస్తకంలా చదువుకోవచ్చు. మొదట కొన్ని మీటర్లు ఎర్రగా, పొడిపొడిగా, చేత్తో నలిపితే నలిగేటట్టు ఉంటాయి. వాన దిగిన లోతు అది. తర్వాత బూడిదరంగు రేకురాయి, తడిపితే పట్టులా నిగనిగలాడుతుంది. ఆపై తెల్లబూడిద డోలమైటు, దానిలో పెన్సిలు గీత మందాన సన్నటి చారలు. నీళ్లు చల్లి, కోర్‌ను వెలుతురుకు తిప్పితే ఆ చారలు తళుక్కున మెరుస్తాయి. అదే గెలీనా. ఒకచోట చార చిక్కబడి వేలు మందమవుతుంది, మరో అరగజానికి మాయమవుతుంది. మళ్లీ డోలమైటు, మళ్లీ రేకురాయి. చిన్న ఖనిజ నిలవ స్వభావమంతా ఆ మాయమవడంలో ఉంది.

కోర్‌ను నిలువునా రంపంతో రెండుగా కోసి, సగం ప్రయోగశాలకు పంపుతారు. సగం పెట్టెలోనే ఉంచుతారు. ఎవరికైనా అనుమానం వస్తే మళ్లీ చూడటానికి అదొక్కటే ఆధారం. కోర్‌లో కనిపించిన మందాన్ని ఉన్నదున్నట్టు నమ్మకూడదు. పొరను డ్రిల్లు 30 డిగ్రీల కోణంలో ఏటవాలుగా దాటితే, కోర్‌లో 10 మీటర్లు కనిపించిన పొర అసలు మందం 5 మీటర్లే. ముడతలు పడ్డ నల్లమల పొరల్లో ఈ కోణం చోటుచోటుకూ మారుతుంది. ఒకే ముడత రెండు రెక్కలనూ ఒకే డ్రిల్లు దాటితే ఒక్క పొరే రెండుసార్లు లెక్కలోకి వచ్చే ప్రమాదం కూడా ఉంది.

లెక్క కుదరాలి

ఖనిజం ఉన్నంత మాత్రాన గని కాదు. తవ్వితే గిట్టుబాటు అయ్యేదాన్నే ధాతువు అంటారు. ఈ తేడా పూర్తిగా లెక్కల మీద ఆధారపడిందే. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుంటే, 200 మీటర్ల పొడవు, 3 మీటర్ల మందం, 100 మీటర్ల లోతు ఉన్న పట్టీ పరిమాణం 60,000 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు 3 టన్నులనుకుంటే 1,80,000 టన్నులు. అందులో సీసం 5 శాతమైతే 9,000 టన్నుల సీసం. వినడానికి చాలానే ఉంది. కాని రోజుకు 240 టన్నులు తవ్వితే 750 రోజుల్లో పట్టీ అయిపోతుంది. ఆ రెండేళ్ల పైచిలుకు తవ్వకం కోసం సొరంగం, లిఫ్టు, కరెంటు, రోడ్డు, శుద్ధి కర్మాగారం కట్టాలా అన్నది అసలు ప్రశ్న. అందుకే చిన్న నిలవలకు పక్కన ఇంకో పట్టీ, దాని పక్కన మరొకటి దొరకాలి. మూడు కొండలు దగ్గరదగ్గరగా ఉండటం అగ్నిగుండాలకు కలిసొచ్చిన సంగతి.

పైన చెప్పిన రోజుకు 240 టన్నులు ఊరికే తీసుకున్న అంకె కాదు. 1966లో ఏర్పడిన హిందుస్థాన్ జింక్ బండ్లమోటులో నడిపిన సీసం గని సామర్థ్యం అదే. పోలికకు, అదే సంస్థ 1991లో రాజస్థాన్‌లోని రాంపురా ఆగుచాలో తవ్వకం మొదలుపెట్టింది రోజుకు 3,000 టన్నుల సామర్థ్యంతో. ఒకటి కిరాణా కొట్టు, మరొకటి హోల్‌సేల్ మార్కెట్టు. ధర పడిపోయిన ఏడాదిని రెండోది తట్టుకుంటుంది, మొదటిదానికి అది ప్రాణసంకటం.

తవ్విన రాతిలో సీసం కొద్ది శాతమే కనుక దాన్ని గని దగ్గరే చిక్కబరచాలి. రాయిని పిండిలా నూరి, నీళ్లలో కలిపి, క్సాంథేటు అనే రసాయనం చుక్కలు వేసి, అడుగునుంచి గాలి ఊదుతారు. క్సాంథేటు గెలీనా రేణువులకు అంటుకుని వాటిని నీటికి విముఖం చేస్తుంది. అవి గాలిబుడగలను పట్టుకుని పైకి తేలతాయి, డోలమైటు పిండి కిందే ఉండిపోతుంది. మజ్జిగ చిలికితే వెన్న తేలినట్టు ఇక్కడ నీటికంటే ఏడు రెట్లు బరువైన ఖనిజం నురగలో తేలుతుంది. నురగను గీసి ఎండబెడితే నల్లగా మెరిసే గాఢ ఖనిజం వస్తుంది. అది 1977లో మొదలైన విశాఖపట్నం కర్మాగారానికి వెళ్లి, అక్కడ సీసంగా మారేది. ఒడిశాలోని సర్గిపల్లి గని ఖనిజం కూడా అక్కడికే చేరేది. ఇప్పుడు బండ్లమోటు గని మూతపడి చాలా ఏళ్లయింది. విశాఖ కర్మాగారం కూడా 2012లో ఆగిపోయింది.

గని మూతపడినా రెండు విషయాలు మిగులుతాయి. ఒకటి, సీసం తీశాక మిగిలిన నూరుడుమట్టి. అందులో కొంత సీసం ఉండితీరుతుంది. తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదన్నది మన ప్రమాణం. ఈ అంకె ఎంత చిన్నదో చూస్తే, అలాంటి మట్టి గాలికి లేవకుండా, వాగులోకి కొట్టుకుపోకుండా కాపాడటం ఎందుకు అవసరమో తెలుస్తుంది. డోలమైటు గనులకు ఇక్కడ ఒక అదృష్టం ఉంది. పైరైట్ తుప్పుపట్టి పుట్టించే యాసిడ్‌ను డోలమైటే విరిచేస్తుంది. క్వార్ట్‌జైటులో ఉన్న గనులకు ఆ రక్ష లేదు.

రెండోది, తవ్వకుండా మిగిలిన ఖనిజం, దాని గురించిన కాగితాలు. ఖనిజాన్వేషణను ఇప్పుడు జీ-4 నుంచి జీ-1 దాకా నాలుగు మెట్లుగా విభజించి, ఏ మెట్టు దాకా రుజువు దొరికిందో దాన్నిబట్టి నిలవను నమోదు చేస్తారు. జీ-4 అంటే పైపైన చూసింది, జీ-1 అంటే దగ్గరదగ్గరగా డ్రిల్లు చేసి తేల్చింది. కొన్ని దశాబ్దాల కిందటి కోర్ నమూనాల్లో సాధారణంగా రాగి, సీసం, జింకు మాత్రమే కొలిచేవారు. స్ఫాలరైట్‌లో జాడమాత్రంగా ఉండే జెర్మేనియం, ఇండియం, కాడ్మియం లాంటివాటిని అప్పట్లో పట్టించుకున్నవారు తక్కువ. ఇప్పుడు ఒకే నమూనాలో డజన్ల కొద్దీ మూలకాలను కొలిచే పరికరాలున్నాయి. కేంద్ర గనుల శాఖ 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో జెర్మేనియం, ఇండియం, కాడ్మియం మూడూ ఉన్నాయి. రాగి కూడా ఉంది. సీసం లేదు. ఒకప్పుడు గనిగా నడిచిన బండ్లమోటు కంటే, దాని పక్కన ఉన్న నల్లకొండ, ధూకొండల లోహానికే ఇప్పుడు గిరాకీ పట్టికలో చోటు దొరికింది.